హబ్బు ఎక్కనంటే సుత్తి తీయకండి

మీ ప్రశ్న, షెడ్డు జవాబు
రాయగడ నుంచి ఒక మెకానిక్

ప్రశ్న: మిస్త్రీగారూ, నమస్కారం. మాది గుణుపురం. నా దగ్గర ఇరవై ఏళ్ల కిందటి ఆరు సిలిండర్ల పెట్రోలు కారు ఉంది. ఇంజను ఇరుసు క్రాంకుకు ముందువైపు నూనెను ఆపే సీలు నుంచి నూనె కారుతుంటే ఇక్కడి షెడ్డులో క్రాంకు ఊపును మింగే ముందు చక్రం, అదే హార్మోనిక్ బాలెన్సర్‌నూ, దాని వెనక క్రాంకు కొసమీద బిగువుగా ఎక్కే హబ్బునూ విప్పించాను. కొత్త సీలు వేశారు. ఇప్పుడు హబ్బు తిరిగి ఎక్కడం లేదు. సగం దూరం వెళ్లి ఆగిపోయింది. షెడ్డు యజమాని చెక్కముక్క అడ్డుపెట్టి సుత్తితో కొడదామంటున్నారు. ఆయన కొడుకు హబ్బును క్రాంకుకు బిగించే నడిమి బోల్టుతోనే లాగుదామంటున్నాడు. ఆ బోల్టు ఎంత బిగించాలని అడిగితే ఇద్దరూ "ఎంత బిగిస్తే అంత మంచిది" అన్నారు. ఈ బాలెన్సర్ లేకుండా మామూలు పుల్లీ వేసుకుంటే గొడవ వదిలిపోతుందని పక్కింటాయన సలహా. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ సుత్తిని షెడ్డు యజమాని చేతిలోంచి మర్యాదగా తీసుకుని డిక్కీలో పెట్టి తాళం వేయండి. కొడుకు చెప్పిన దారి మంచిదే, కానీ అతను అనుకున్న బోల్టుతో కాదు. పక్కింటాయనకు టీ ఇచ్చి పంపండి.

హబ్బు సగంలో ఎందుకు ఆగిందో తేలేవరకు దాన్ని ఏ పద్ధతిలోనూ ముందుకు నెట్టవద్దు. ఇలాంటప్పుడు నాకు మొదట అనుమానం వచ్చేది కీ మీద. క్రాంకు కొసమీద గాడిలో కూర్చునే ఆ చిన్న ఉక్కు ముక్క చాలా ఇంజన్లలో అర్ధచంద్రాకారంలో ఉంటుంది. అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి హబ్బు అంచు దాని ముందు చివరను నొక్కగానే వెనక చివర పైకి లేస్తుంది. హబ్బు లోపలి గాడి దానికి ఒరుసుకుని అక్కడే బిగుసుకుంటుంది. ఆ స్థితిలో సుత్తి దెబ్బ పడితే కీ నలుగుతుంది, లేదా హబ్బు గాడి అంచు చిట్లుతుంది. కాబట్టి హబ్బును పుల్లర్‌తో వెనక్కి లాగించి కీని చూడండి. దాని పైభాగం క్రాంకు కొసకు సమాంతరంగా కూర్చుని ఉండాలి. అంచులు నలిగి ఉంటే కొత్తది వేయించండి. పాత కీని ఆకురాయితో రుద్ది సరిచేసే అలవాటు మన దగ్గర ఉంది. అలా రుద్దిన కీ గాడిలో వదులుగా ఆడుతుంది. పది రూపాయల పొదుపుకు క్రాంకును పణంగా పెట్టడమే అది.

పుల్లర్ వేసేటప్పుడు దాని బోల్టులు హబ్బుకు ఉన్న మరల రంధ్రాల్లోనే పట్టాలి. మూడు కొక్కేల పుల్లర్‌ను బయటి అంచుకు తగిలించి లాగడం హబ్బుకు నష్టం చేయకపోవచ్చు గాని, రబ్బరుతో అతికించిన బాలెన్సర్‌ను అలా లాగితే దాని పని అయిపోయినట్టే.

రెండో అనుమానం సీలు. కొత్త సీలు పెదవిని తడపకుండా హబ్బు ఎక్కించబోతే ఆ పెదవి లోపలికి మడతపడుతుంది. దాని వెనక ఉండే సన్నటి స్ప్రింగు ఊడి పక్కకు జారుతుంది. టార్చి వేసి చుట్టూ చూడండి. మడతపడిన గుర్తు కనిపిస్తే సీలు మళ్లీ కొత్తదే వేయాలి, వేళ్లతో సర్ది వదిలేయకూడదు. ఎక్కించే ముందు పెదవికీ, సీలు తిరిగే హబ్బు ఉపరితలానికీ శుభ్రమైన ఇంజన్ ఆయిల్ రాయించండి. పొడి సీలు మొదటి స్టార్టుకే కాలిపోయి, మీరు పెట్టిన ఖర్చంతా మళ్లీ నేలమీద నూనె మరకగా కనిపిస్తుంది.

సీలు తిరిగే చోట హబ్బు మీద గోరు ఆనించి అడ్డంగా లాగి చూడండి. గోరు గాడిలో పడి ఆగితే ఎంత మంచి సీలు వేసినా కారక మానదు. అలాంటి హబ్బును పారేయనక్కరలేదు. దానిమీద తొడిగే పలచటి స్టెయిన్‌లెస్ ఉక్కు తొడుగులు దొరుకుతాయి. మందం పావు మిల్లీమీటరు కన్నా కాస్తే ఎక్కువ కాబట్టి అదే సీలు సరిపోతుంది. మన ఊళ్లలో దొరకకపోతే విశాఖలో బేరింగులు అమ్మేవాళ్లను అడగండి, హబ్బు బయటి వ్యాసం కొలిచి చెబితే చాలు. మీ కారుకు అసలు కారుడు మొదలైంది సీలు వల్లనా, హబ్బు మీది గాడి వల్లనా అన్నది ఎవరూ చూడలేదని నా అనుమానం.

మూడోది క్రాంకు కొసమీద పొడుచుకు వచ్చిన గరుకు. పుల్లర్ మర కొన అక్కడ ఆని అంచు నలిగి ఉంటుంది. ఆకురాయి వద్దు. 400 నంబరు ఎమెరీ పేపరును నూనెలో తడిపి, కొస చుట్టూ చుట్టి, గుండ్రంగా నాలుగైదు సార్లు తిప్పితే చాలు. తర్వాత పొడి గుడ్డతో ఎమెరీ పొడి అణువంత కూడా లేకుండా తుడవాలి. ఆ పొడి సీలు లోపలికి పోతే అది చేసే పని ఇసుక చేసే పనే.

ఇక సుత్తి ఎందుకు వద్దో చెబుతాను, ఎందుకంటే చెక్కముక్క అడ్డుపెడితే ఏమీ కాదనే నమ్మకం మన షెడ్లలో బలంగా ఉంది. చెక్కముక్క హబ్బు మొహాన్ని కాపాడుతుంది, అంతే. దెబ్బ మాత్రం క్రాంకు గుండా లోపలికి పోయి థ్రస్టు బేరింగు దగ్గర ఆగుతుంది. క్రాంకుకు ముందుకూ వెనక్కూ ఉండే ఆట చాలా ఇంజన్లలో 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్యే. ఆ ఆటను నిలబెట్టేది ఒక పలచటి బేరింగు పొర. దానిమీద వరుసగా సుత్తి దెబ్బలు పడితే ఆ నష్టం ఆరోజు కనిపించదు. కొన్నాళ్లకు క్లచ్చు తొక్కినప్పుడల్లా ఇంజను స్వరం మారడం మొదలవుతుంది. అప్పుడు ఎవరికీ ఈ సుత్తి గుర్తుండదు. హబ్బూ బాలెన్సరూ ఒకే ముక్కగా ఉండే ఇంజన్లలో ఇంకో నష్టం కూడా ఉంది: బయటి బరువు రింగు రబ్బరు మీద నుంచి పక్కకు జరుగుతుంది.

కొడుకు చెప్పిన బోల్టు సంగతి. నడిమి బోల్టు హబ్బు పూర్తిగా కూర్చున్నాక పట్టుకోవడానికి చేసిన పొడవులో ఉంటుంది. హబ్బు సగంలో ఉండగా దాన్ని వేస్తే రెండు మూడు మరలే పట్టుకుంటాయి. ఆ రెండు మూడు మరల మీద టన్నుల లెక్కలో లాగుడు పడితే అవి క్రాంకు లోపలి మరలను చీల్చుకుంటూ బయటకు వస్తాయి. బోల్టు పోతే కొత్త బోల్టు కొనవచ్చు, క్రాంకు మర పోతే ఇంజను దింపాలి.

దీనికి పనిముట్టు మన లేతు దుకాణంలోనే తయారవుతుంది. మీ పాత బోల్టును తీసుకెళ్లి మర కొలిపించండి. 16 మిల్లీమీటర్ల బోల్టు అయినా 2 పిచ్, 1.5 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) రెండు రకాలూ ఉంటాయి, చూపుతో తేల్చుకోవద్దు. అదే మరతో, గట్టి ఉక్కుతో ఒక జానెడు పొడవు రాడ్డు కోయించండి. ఇనుప సామాను దుకాణంలో మీటర్ల లెక్కన అమ్మే మెత్తటి మరల రాడ్డు పనికిరాదు, లాగుతుండగానే మరలు సాగిపోతాయి. ఆ రాడ్డు చేతితోనే తిరుగుతూ క్రాంకులోకి కనీసం దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్ల లోతు పోవాలి. తర్వాత హబ్బు, దానిమీద మందమైన వాషరు, ఆపైన థ్రస్టు బేరింగు, చివర నట్టు. 16 మిల్లీమీటర్ల రాడ్డుకు ఏ బేరింగుల దుకాణంలోనైనా 51103 అని అడగండి: లోపలి వ్యాసం 17, బయటిది 30, మందం 9 మిల్లీమీటర్లు. ఈ బేరింగు లేకుండా నట్టును నేరుగా వాషరు మీద తిప్పితే సగం బలం రాపిడికే పోతుంది, పైగా హబ్బు కూడా కలిసి తిరగబోయి కీని పక్కకు నెడుతుంది.

ఒక పానాతో రాడ్డును కదలకుండా పట్టుకుని ఇంకో పానాతో నట్టును తిప్పుతుంటే హబ్బు మెల్లగా, నిటారుగా లోపలికి పోతుంది. మధ్యమధ్య ఆగి, హబ్బు అంచుకూ ఇంజను ముందు మూతకూ మధ్య దూరం నాలుగు వైపులా కొలవండి. ఒకవైపు తక్కువ, ఒకవైపు ఎక్కువ ఉంటే వంకరగా పోతోందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. పూర్తిగా కూర్చోగానే నట్టు ఒక్కసారిగా గట్టిపడుతుంది. అక్కడ ఆపండి. కొన్ని ఇంజన్లలో కీ గాడి గుండానే నూనె బయటకు దారి చేసుకుంటుంది. మాన్యువల్‌లో అలా రాసి ఉంటే ఎక్కించే ముందు గాడిలో సిలికాన్ సీలెంటు పలచగా రాయాలి.

హబ్బు విడి ముక్క, రబ్బరు లేదు కాబట్టి మీకు ఇంకో సాయం కూడా ఉంది: వేడి. 30 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఉక్కు హబ్బు 70 డిగ్రీలు వేడెక్కితే ఆ రంధ్రం 0.025 మిల్లీమీటరు విచ్చుకుంటుంది. వినడానికి ఏమీ కాదు గాని, బిగువు కూడా అంతలోనే ఉంటుంది కాబట్టి పనంతా సుళువవుతుంది. మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, తీసి, తుడిచి, నూనె రాసి వెంటనే ఎక్కించండి. గ్యాసు మంట పెట్టవద్దు, ఆ వేడికి కొత్త సీలు పెదవి మాడిపోతుంది. రబ్బరు ఉన్న బాలెన్సర్‌కు వేడినీళ్ల పద్ధతి కూడా వద్దు.

ఇప్పుడు "ఎంత బిగిస్తే అంత" దగ్గరకు వద్దాం. ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ మాటే.

హబ్బును క్రాంకు మీద నిలబెట్టేది కీ అని చాలామంది అనుకుంటారు. కీ పని హబ్బు ఏ కోణంలో కూర్చోవాలో చూపడం వరకే. ఏసీ, ఆల్టర్నేటరు, పవర్ స్టీరింగు లాగే బలమూ, ప్రతి పేలుడుకూ క్రాంకు ముందుకు వెనక్కు కొట్టే దెబ్బలూ మోసేది నడిమి బోల్టు బిగువు. ఆ బిగువు హబ్బు మొహాన్ని క్రాంకు మెట్టుకు నొక్కి పట్టుకుంటుంది, ఆ రెండు మొహాల మధ్య రాపిడే అసలు బంధం. బోల్టు కొద్దిగా వదులైతే ఆ బలమంతా పాపం ఆ చిన్న ముక్క మీద పడుతుంది. అది గాడిలో అటూ ఇటూ కొట్టుకుని గాడిని వెడల్పు చేస్తుంది. అప్పుడు వచ్చే చప్పుడు అచ్చం కింది బేరింగు పోయినట్టే వినిపిస్తుంది. ఆ చప్పుడు విని ఇంజను దింపిన వాళ్లున్నారు. ఇప్పటి ఇంజన్లలో కొన్నిటికి అసలు కీయే ఉండదు. కొన్ని కంపెనీలు హబ్బుకూ క్రాంకుకూ మధ్య వజ్రపు పొడి పూత ఉన్న పలచటి వాషరు పెట్టి, భారమంతా బోల్టు బిగువుకే వదిలేశాయి. అలాంటి చోట మాన్యువల్ చెబితే తప్ప ఆ మొహాలకు నూనె చుక్క తగలకూడదు.

అందుకే ఈ బోల్టుకు ఎంత బలంతో బిగించాలో చెప్పే అంకె ఉంటుంది. ఇంజను ఇంజనుకూ మారుతుంది. ఆరు సిలిండర్ల బీఎండబ్ల్యూ ఎం54 ఇంజనుకు 410 న్యూటన్ మీటర్లు, పాత నాలుగు సిలిండర్ల హోండా ఇంజన్లలో కొన్నిటికి 180 దగ్గర. మీ కారు అంకె మీ ఇంజను మాన్యువల్‌లో ఉంటుంది, వేరే కారు అంకె వేయకండి. కొన్నిటికి ఒక అంకె వరకు బిగించి, ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పమని రాస్తారు. అలాంటి బోల్టు బిగించినప్పుడే కొద్దిగా సాగి ఉంటుంది. అది రెండోసారి పనికిరాదు, కొత్తది కొనండి. డిగ్రీలు తిప్పమన్నప్పుడు బోల్టు తల మీదా హబ్బు మీదా సుద్దతో గీత గీసుకోండి. 90 డిగ్రీలంటే పావు చుట్టు.

మరలకు నూనె రాయాలా వద్దా అన్నది కూడా మాన్యువల్ చెప్పినట్టే. పానాతో మనం పెట్టే శ్రమలో దాదాపు పదింట తొమ్మిది వంతులు బోల్టు తల కిందా, మరల మధ్యా రాపిడికే పోతుంది. మిగిలిన ఒక వంతే బోల్టును లాగి బిగువునిస్తుంది. కాబట్టి పొడి మరకు ఇచ్చిన అంకెను నూనె మరకు వేస్తే బోల్టు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ సాగుతుంది. వాషరు మీద మట్టి ఉంటే అదే అంకెకు బిగువు తక్కువ వస్తుంది. గాలి తుపాకీ విప్పడానికి మంచిదే. బిగించడానికి దాన్ని వాడేవాళ్లు చెవితో కొలుస్తున్నారు, ఆ చెవి మీద నాకు నమ్మకం లేదు.

గుణుపురంలో 400 దాటిన టార్కు రెంచి (బిగింపు బలాన్ని కొలిచే పానా) కార్ల షెడ్డులో లేకపోవచ్చు, లారీ షెడ్డులో ఉంటుంది. వాళ్లనడిగి ఒక పూట తెచ్చుకోండి. ఎక్కడా దొరకకపోతే మాత్రం లెక్క ఇది: 410 న్యూటన్ మీటర్లంటే మీటరు పొడవు పిడి చివర సుమారు 42 కిలోల బరువు. లేదా 70 కిలోల మనిషి 60 సెంటీమీటర్ల దూరంలో తన పూర్తి బరువును, ఊపకుండా, నేలకు సమాంతరంగా ఉన్న పిడి మీద వేయడం. పొడవును బోల్టు మధ్యనుంచి చెయ్యి ఆనేచోటి వరకు కొలవాలి. ఇది గత్యంతరం లేనప్పటి దారి. అయినా "ఎంత బిగిస్తే అంత" కన్నా నూరు రెట్లు నయం.

బిగించేటప్పుడు క్రాంకు తిరగకుండా పట్టుకోవడం ఇంకో పని. స్టార్టర్ విప్పి ఆ సందులోంచి ఫ్లైవీలు పళ్లకు అడ్డుపట్టే పనిముట్టు వేయడం మేలు, లేదా హబ్బు రంధ్రాలకు బోల్టులతో బిగించే పొడవాటి ఇనుప చెయ్యి. ఐదో గేరులో పెట్టి బ్రేకు తొక్కి పట్టుకోవడం చిన్న అంకెలకు నడుస్తుంది. పెద్ద అంకెకు టైర్లూ క్లచ్చు స్ప్రింగులూ ఊగుతాయి, మీ శ్రమ అక్కడికే పోతుంది. టైమింగ్ చైనును గాని బెల్టును గాని పట్టుకుని ఆపబోవద్దు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పే ఉంచండి, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

హబ్బు అయ్యాక బాలెన్సర్ ఎక్కించడం తేలిక. చాలావాటికి ఒక చిన్న పిన్నో, ఎడంగా ఉన్న ఒక రంధ్రమో ఉండి ఒకే విధంగా కూర్చుంటాయి. కూర్చోకపోతే తిప్పి చూడండి, బలవంతం వద్దు. మొహాల మధ్య పాత తుప్పు, పెయింటు పెచ్చులు లేకుండా చూసి, చిన్న బోల్టులను ఎదురెదురుగా రెండు విడతల్లో బిగించండి. 8 మిల్లీమీటర్ల బోల్టులకు సాధారణంగా 20 నుంచి 35 న్యూటన్ మీటర్ల మధ్య అంకె ఉంటుంది. తర్వాత స్పార్కు ప్లగ్గులు విప్పి ఉండగానే ఇంజనును పానాతో చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడా అడ్డు తగలకూడదు, బాలెన్సర్ అంచు ఊగకూడదు. బెల్టు వేసి, స్టార్టు చేసి, రెండు నిమిషాలు కింద టార్చితో చూడండి.

మామూలు పుల్లీ వేసుకోమన్న సలహా గురించి. సిలిండర్లో ప్రతి పేలుడూ క్రాంకును తడి పంచె పిండినట్టు కొద్దిగా మెలిపెడుతుంది, వెంటనే అది తిరిగి విచ్చుకుంటుంది. వెనక బరువైన ఫ్లైవీలు ఉంది కాబట్టి అక్కడ ఊగదు, ఖాళీగా ఉన్న ముందు కొసలో ఊగుతుంది. ఆరు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఇలాంటి దెబ్బలు సెకనుకు 150. క్రాంకు పొడవు ఎక్కువ కాబట్టి మెలిక కూడా ఎక్కువ. ఏదో ఒక వేగం దగ్గర ఆ దెబ్బల లయా, క్రాంకు సొంత ఊపూ కలుస్తాయి. అక్కడే ఎక్కువసేపు ఉంటే క్రాంకు అలసి విరుగుతుంది. గత శతాబ్దం తొలి ఏళ్లలో ఆరు సిలిండర్ల కార్ల క్రాంకులు ఇలా విరుగుతుంటే ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ వంటి ఇంజనీర్లు ముందు కొసకు ఊపును మింగే బరువు తగిలించే ఉపాయం తెచ్చారు. మీ బాలెన్సర్‌లో రబ్బరు పొర మీద కూర్చున్న బయటి రింగు ఆ పనే చేస్తుంది, ఊపును వేడిగా మార్చి వదిలేస్తుంది. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతుంటే లారీల వెనక ఒకే గేరులో, ఒకే వేగంలో ఎంతసేపు ఇరుక్కుంటామో మీకు తెలుసు. మామూలు పుల్లీ వేసుకుని ఆ ఘాటీ ఎక్కమని నేను చెప్పను.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా డీజిలు కారులో ఏసీ వేయగానే ముందు బెల్టు కీచుమంటుంది. బెల్టు మార్చాం, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్ మార్చాం. కొన్నాళ్లు బాగుండి మళ్లీ అదే చప్పుడు. బెల్టు ఒకపక్క పోగులు లేస్తోంది.

జవాబు: మూడో బెల్టు కొనకండి. క్రాంకు పుల్లీ చూడండి. లోపలి హబ్బు, రబ్బరు, బయటి రింగు మూడింటి మీదుగా తెల్ల పెయింటుతో అడ్డంగా ఒకే గీత గీయండి. రెండు రోజులు ఏసీతో తిరగండి. గీత తెగి బయటి ముక్క పక్కకు పోతే రబ్బరు పట్టు వదిలిందని అర్థం. బెల్టు ఒకపక్కే చిరుగుతోందంటే రింగు వెనక్కో ముందుకో కూడా జరిగి ఉంటుంది, ఇంజను నడుస్తుండగా పక్కనుంచి చూస్తే ఊగుడు కనిపిస్తుంది. చేతులు, పైట కొంగు, తువ్వాలు దూరంగా పెట్టుకుని చూడండి.

అలా రింగు జారిన పుల్లీ మీది టైమింగు గుర్తును ఎవరూ నమ్మకూడదు, ఎందుకంటే గుర్తు ఉండేది జారిన ముక్క మీదే. రబ్బరును అంటించడం, వెల్డింగు పెట్టడం మన దగ్గర చేస్తారు. వెల్డింగు పెట్టిన బాలెన్సర్ ఊపును మింగదు, ఉత్త బరువు. కొత్తది వేయించండి.

వానాకాలం ఎర్రమట్టి కడగడానికి ఇంజను మీద డీజిలు చల్లడం మానండి. ఆ రబ్బరుకు డీజిలూ నూనే పడవు, ఉబ్బి మెత్తబడుతుంది. సీలు కారుతూ ఉంటే అది కూడా ముందు బాగుచేయించాలి, లేకపోతే కొత్త పుల్లీ గతీ అంతే.

ప్రశ్న: బరంపురం నుంచి రాస్తున్నాను. 2000 నాటి హోండా సిటీ ఉంది. క్రాంకు బోల్టు ఎంతకీ ఊడటం లేదు. పొడవాటి పానా నేలకు ఆనించి ఒక్కసారి స్టార్టర్ తిప్పితే ఊడిపోతుందని మా మెకానిక్ అంటున్నాడు. సరేననమంటారా?

జవాబు: అనవద్దు. ఆ కిటుకు మామూలుగానే ప్రమాదం, మీ బండిలో అయితే తిరగబడుతుంది కూడా. చాలా ఇంజన్లు ముందునుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతాయి. పానా నేలకు ఆని ఆగిపోతే క్రాంకు తిరుగుతూ బోల్టును విప్పుకుంటుంది, కిటుకు అంతా అదే. మీ తరం సిటీలో ఉండే డి రకం ఇంజను అటు తిరగదు, గడియారానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. బోల్టు మర మాత్రం అందరిలాంటిదే. కాబట్టి స్టార్టర్ కొడితే బోల్టు ఇంకా బిగుస్తుంది, పానా అనుకోని వైపు ఎగిరి మెకానిక్ మోకాలికో మీ రేడియేటర్‌కో తగులుతుంది.

ఆ పుల్లీ మధ్యలో 50 మిల్లీమీటర్ల ఆరు మూలల గుంట ఉంటుంది, చూడండి. దానిలో పట్టే సాకెట్ అమ్ముతారు, దాని మధ్య రంధ్రంలోంచి బోల్టు సాకెట్ పోతుంది. ఒక చేతి పొడవు రాడ్డుతో ఆ గుంటను పట్టుకుని, ఇంకో పొడవాటి రాడ్డుతో బోల్టు విప్పడమే. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. సాకెట్‌కు కారు బరువు మోసే స్టాండుతో కింద ఆనిక ఇస్తే పక్కకు జారదు. జాకీ మీద మాత్రమే నిలబడిన కారు కింద ఎవరూ దూరవద్దు.

ప్రశ్న: అన్నయ్యగారూ, నేను కొరాపుట్‌లో టీచర్‌ని, నా కారు నేనే నడుపుకుంటాను. క్రాంకు బాలెన్సర్ మార్పించిన మర్నాటి నుంచి ఇంజను దీపం వెలుగుతోంది. ఒక్కోసారి స్టార్టు కావడానికి ఎక్కువసేపు తిరుగుతోంది. షెడ్డువాళ్లు సెన్సార్ పోయిందని, మార్చాలని అంటున్నారు. నిన్నటిదాకా పనిచేసిన సెన్సార్ పుల్లీ మార్చగానే ఎలా పోతుంది?

జవాబు: మీ అనుమానం నిజం అమ్మా, సెన్సార్ ఇప్పుడే కొనకండి. కొన్ని కార్లలో క్రాంకు ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పే పళ్ల చక్రం బాలెన్సర్ వెనకే ఉంటుంది. మీదీ అలాంటిదైతే మూడు చూడమనండి. పాత పుల్లీ, కొత్త పుల్లీ పక్కపక్కన పెట్టి పళ్ల సంఖ్య, పన్ను లేని ఖాళీ చోటు కీ గాడికి ఎంత దూరంలో ఉందో పోల్చమనండి. చవకరకం పుల్లీలలో ఈ తేడా చూశాను. తర్వాత సెన్సార్ కొనకూ పళ్లకూ మధ్య సందును, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజితో మాన్యువల్ అంకెకు సరిపోల్చమనండి. సందు మారిందంటే పుల్లీ పూర్తిగా లోపలికి కూర్చోలేదేమో చూడాలి. మూడోది సెన్సార్ వైరు: పని చేసేటప్పుడు దాన్ని పక్కకు లాగి మళ్లీ క్లిప్పులో పెట్టకపోతే బెల్టుకు ఒరుసుకుని తొక్క పోతుంది.

నడిమి బోల్టు ఏ అంకెకు బిగించారో కూడా వాళ్లను అడగండి. అంకె చెప్పలేకపోతే బిల్లు కట్టేముందే మళ్లీ చేయించండి. మాన్యువల్ ఆ బోల్టును ఒక్కసారే వాడమంటే కొత్త బోల్టుతో, లేకపోతే మరలు సరిగా ఉన్నాయో చూసి పాతదానితోనే. పాత పుల్లీని షెడ్డులో వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి, పోల్చడానికి అదొక్కటే ఆధారం.